కోయగూడెం బడిలో మొదటి మూడేళ్ళు ఏ భాషలో చెప్పాలి?

ఏటూరు పంతులమ్మ (ఆదివారం, ఉదయం 7.10)

అందరికీ నమస్కారం. నేను తాడ్వాయి మండలంలో ఒక గూడెం బడిలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేస్తున్నాను. మాది హన్మకొండ. తెలుగు, ఇంగ్లిష్ తప్ప వేరే భాష రాదు. బడిలో 11 మంది పిల్లలు, అందరూ కోయవాళ్ళే. ఐదు తరగతులకూ ఒకటే గది, నేనొక్కదాన్నే టీచర్ని.

వచ్చిన మొదటి వారంలో ఒక చిన్న పాప లేచి నిలబడి "ఏరు" అంది. వాగు దగ్గరికి పోతానంటోందేమో అనుకుని కూర్చోమన్నాను. మళ్ళీ లేచింది, మళ్ళీ కూర్చోబెట్టాను. మూడోసారి గట్టిగా అరిచాను కూడా. మధ్యాహ్నం వంట చేసే అక్క చెప్పింది, కోయలో ఏరు అంటే నీళ్ళని. పొద్దటి నుంచి ఆ పిల్ల దాహంతో కూర్చుంది. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు అసలు విషయం. వచ్చే ఆదివారం ఊళ్ళో గ్రామసభ ఉంది. జూన్‌లో బడి తెరిచేలోపు ఏదో ఒకటి తేల్చి ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు) అర్జీ పెట్టాలని ఊరివాళ్ళ ఆలోచన. మొదటి మూడు తరగతులు కోయలో చెప్పి, మెల్లగా తెలుగు, ఇంగ్లిష్‌లోకి తేవాలని కొందరు అంటున్నారు. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, అదే గట్టిగా చెప్పండని కొందరు. ఈ బడి ఎందుకు, పిల్లలను ఆశ్రమ పాఠశాలలో (సర్కారు గిరిజన హాస్టల్ బడిలో) వేస్తే తిండి, బట్ట దొరుకుతాయని ఇంకొందరు. నన్ను అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. ఆ వైపు ఊళ్ళు తెలిసినవాళ్ళు చెప్పండి.

కాజీపేట జంక్షన్ (ఉదయం 8.02)

మేడం, మీ బాధ అర్థమైంది. కానీ ఒక్కటే ప్రశ్న. కోయకు లిపి లేదు. లిపి లేని భాషలో పుస్తకం ఎలా వేస్తారు? పరీక్ష ఎలా పెడతారు? ఇంట్లో మాట్లాడుకోవడం వేరు, చదువు వేరు. ముందు దీనికి జవాబు చెప్పాలి.

మంగపేట మిర్చి (ఉదయం 8.15)

ఇంగ్లిష్ మీడియమే. రెండో మాట లేదు.

పోడు బిడ్డ (ఉదయం 9.48)

మేడం, మీరు తప్పు ఒప్పుకుని రాశారు, సంతోషం. అట్లా ఒప్పుకున్న టీచర్ను నేను చిన్నప్పుడు చూడలేదు.

నేను కోయవాణ్ణి. ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీగా (కాంట్రాక్టు టీచరుగా) తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా. మాది మేడారం అవతల అడవిలో ఊరు. నన్ను మూడో తరగతిలో హాస్టల్లో వేశారు. అక్కడ కోయ మాట్లాడితే రూపాయి జరిమానా. రూపాయి లేకపోతే బెత్తం. మాలోనే ఒకడు రోజూ కోయ మాట్లాడినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి వార్డెన్‌కు ఇవ్వాలి. నా వంతు వచ్చిన రోజు నేను మా పెద్దబాపు కొడుకు పేరు రాశాను. వాడు నాతో రెండేళ్ళు మాట్లాడలేదు. దసరా సెలవులకు ఇంటికి పోతే మా అవ్వతో మాట్లాడటానికి నోరు తిరగలేదు. ఆమె నన్ను చూసి, వీడు ఎవరి పిల్లగాడని మా అమ్మను అడిగింది.

ఇప్పటి పుస్తకాలు చూడండి. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లిష్ రాని పిల్లగాడు తెలుగు పేజీ చూసి అర్థం చేసుకోవాలని అట్లా వేశారు. హన్మకొండ పిల్లగాడికి అది సాయమే. మా గూడెం పిల్లకు రెండు పేజీలూ పరాయివే. ఒకటో తరగతి పిల్ల ఒకేసారి రెండు కొత్త భాషలు నేర్చుకుంటూ, ఆ భాషల్లో లెక్కలు కూడా నేర్చుకోవాలి. అది రాకపోతే మొద్దు అంటారు.

అదే పిల్లను ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కొనే కల్లం దగ్గర చూడండి. కట్టకు 50 ఆకులు. అమ్మ కట్టిన కట్టలు ఎన్ని, డబ్బులు ఎంత రావాలి, కల్లందారు ఎన్ని తక్కువ రాశాడు, అన్నీ నోటితో చెబుతుంది. ఆ లెక్కను ఆమె భాషలోనే బోర్డు మీదికి తెస్తే చాలు, మిగతాదంతా మెల్లగా వస్తుంది.

కాజీపేట జంక్షన్ (ఉదయం 10.05)

మీ అనుభవం బాధాకరం. కానీ లిపి సంగతి చెప్పలేదు.

సమ్మక్క గద్దె (ఉదయం 10.11)

పోడు బిడ్డ అన్న రాసింది చదివి కన్నీళ్ళు వచ్చాయి. మాదీ అదే హాస్టల్ బతుకు.

ఉట్నూరు దారి (ఉదయం 11.30)

కాజీపేట సార్, లిపి మీద నేను చెబుతా. నేను గోండును.

ఇంగ్లిష్‌కు సొంత లిపి ఉందా? రోమన్ లిపిలో రాస్తారు. హిందీ, మరాఠీ, నేపాలీ మూడూ నాగరిలోనే. భాషకు లిపి బట్ట లాంటిది, ఒకరిది ఒకరు కట్టుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, గోండి, కొలామి, లంబాడా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. పుస్తకాలు వచ్చాయి, టీచర్లకు శిక్షణ ఇచ్చారు, ఆ తరువాత పట్టించుకునేవాళ్ళు లేక మూలన పడ్డాయి. అంటే మీరు అడిగిన పని ఇదివరకే జరిగింది.

సొంత లిపే కావాలంటే మా నార్నూర్ మండలం గుంజాలలో గోండి రాత ప్రతులు దొరికాయి. ఊళ్ళో కొందరు ముసలివాళ్ళకు మాత్రమే ఆ అక్షరాలు వచ్చు. వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుని, ఊళ్ళోనే పిల్లలకు చెప్పారు. 2018లో ఆ లిపి కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్‌లోకి కూడా వచ్చింది.

ఇంకొకటి. ఇది కొత్త ఆలోచన కాదు. 1940లో జోడెఘాట్‌లో కొమురం భీం చనిపోయిన తరువాత నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోమని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయి అనే గోండు ఊళ్ళో ఉండి 1943లో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండి వాచకాలు నాగరి లిపిలో వేశారు. అక్కడ చదివిన గోండు పిల్లగాళ్ళే టీచర్లయ్యారు, పట్వారీలయ్యారు, ఫారెస్టు గార్డులయ్యారు. అదే కాలంలో భూమికి పట్టాలు కూడా ఇచ్చారు. బడి, భూమి రెండూ కలిసి వచ్చాయి కాబట్టే ఊరు నమ్మింది. హైమెన్‌డార్ఫ్ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి.

లక్నవరం (మధ్యాహ్నం 1.20)

ఉట్నూరు అన్నా, చరిత్ర బాగుంది. 80 ఏళ్ళ కింద గోండిలో మొదలుపెట్టిన చదువు ఇప్పుడు మిమ్మల్ని ఎక్కడికి తెచ్చిందో కూడా చెప్పండి. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ ఎస్టీల అక్షరాస్యత 49.5 శాతం, రాష్ట్రం మొత్తానికి 66.54. మధ్యలో ఇంత దూరం ఉంటే మనం ఇంకా ఏ భాష అని కూర్చున్నాం.

నేనూ కోయవాణ్ణే. హన్మకొండలో ఉద్యోగం. పది వరకు తెలుగు మీడియం, ఆశ్రమ పాఠశాల. తరువాత ఎస్టీ సీటులో ఇంజినీరింగ్‌లో చేరాను. మొదటి ఆరు నెలలు క్లాసులో ఒక్క ముక్క అర్థం కాలేదు. లేచి డౌట్ అడగాలంటే ఇంగ్లిష్‌లో అడగాలి. మొదటి సంవత్సరం ఐదు సబ్జెక్టులు పోయాయి. నాతో చేరిన ఇద్దరు కోయ పిల్లలు మానేసి ఊరికి పోయారు, ఒకడు ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు. వాడు లెక్కల్లో నాకంటే గట్టివాడు.

మీరు కోయ కావాలంటున్నారు. కోయలో ఐదో తరగతి తరువాత ఏముంది? కాలేజీ ఉందా? కలెక్టరాఫీసులో అర్జీ తీసుకుంటారా? దేశం మొత్తం మీద కోయ మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 2011లో 4 లక్షల 7 వేల మంది. సంతాలీ, బోడో భాషలు 2003లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోకి, అంటే గుర్తింపు పొందిన భాషల జాబితాలోకి వచ్చాయి. దాదాపు 30 లక్షల మంది మాట్లాడే గోండికే ఇంకా అక్కడ చోటు లేదు. మన పిల్లల మీద ఈ ప్రయోగం ఎందుకు? పట్నం పిల్లలకు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్, గూడెం పిల్లలకు సంస్కృతి. వాళ్ళకు ఉద్యోగం, మనకు డోలు. నాకు ఇది మోసంలా అనిపిస్తుంది.

ఇంకో మాట. భాగహారానికి కోయలో మాట ఏది?

పోడు బిడ్డ (మధ్యాహ్నం 2.45)

భాగహారానికి తెలుగులో మాట ఏదన్నా? అది సంస్కృతం మాట. తెలుగు పిల్లగాడు కూడా దాన్ని బడిలోనే మొదటిసారి వింటాడు. పంచడం రాని జాతి ఉంటుందా? నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఇప్పపూవు ఏరుకొచ్చి వాకిట్లో పోసి పంచుకునేటప్పుడు చూడలేదా మీరు? అక్కడ మొదలుపెట్టాలి అంటున్నా.

ఐదో తరగతి తరువాత కోయ ఉండాలని నేను అనలేదు. మొదటి మూడేళ్ళు అన్నాను. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయాలని చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి వరకు అంటుంది. మీరు ఇంజినీరింగ్‌లో ఫెయిలైంది కోయ వల్ల కాదు, మీకు బడిలో ఎవరూ కోయలో చెప్పలేదు. తెలుగు మీడియం అని మీరే రాశారు. అర్థం కాని భాషలో పదేళ్ళు బట్టీ పట్టి, ఇంకో అర్థం కాని భాషలోకి పోయారు.

లక్నవరం (మధ్యాహ్నం 2.58)

చట్టాలు నాకూ తెలుసు తమ్మీ. చట్టంలో ఉన్నవన్నీ మనకు దొరికితే ఈ చర్చే ఉండదు.

అమ్మమ్మ గారెలు (మధ్యాహ్నం 3.10)

రెండూ చెప్పొచ్చు కదా, ఇంత గొడవ ఎందుకు?

కాజీపేట జంక్షన్ (మధ్యాహ్నం 3.22)

తెలుగు లిపిలో రాస్తే అది తెలుగే నేర్పినట్టు. అప్పుడు నేరుగా తెలుగే చెప్పొచ్చు. ఉట్నూరు గారు నా ప్రశ్నకు జవాబు చెప్పినట్టే చెప్పి తప్పించుకున్నారు. కోయలో ఉన్న అన్ని శబ్దాలూ తెలుగు అక్షరాల్లో పలుకుతాయా? పలకకపోతే ఆ పిల్లలు తప్పు రాత నేర్చుకుంటారు.

ఉట్నూరు దారి (మధ్యాహ్నం 3.50)

తెలుగు మాటలే అన్నీ రాసినట్టు పలుకుతున్నామా సార్? ఋషిని మనం ఎట్లా పలుకుతున్నాం? ఎనిమిది భాషలకు సరిపోయిన అక్షరాలు మీకే ఎందుకు సరిపోవడం లేదో అర్థం కావడం లేదు.

తండా బిడ్డ (సాయంత్రం 4.40)

నేనూ టీచర్నే, లంబాడా అమ్మాయిని. మా భాష గోర్‌బోలీకీ ఇదే గతి. ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోకండి. కోయలో చెప్పాలంటే టీచరుకు కోయ రావాలి. ఆ టీచర్లు ఎక్కడ ఉన్నారు?

పోడు బిడ్డ (సాయంత్రం 5.05)

ఉన్నారు అక్కా. డీఎడ్ చేసి కూలికి పోతున్నారు.

ఏజెన్సీలో (గిరిజన ప్రాంతంలో) టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న జీవో 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల బెంచ్ దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళను తీయలేదు కానీ, కొత్తగా రావాల్సిన మా పిల్లలకు దారి మూసుకుపోయింది.

మనసులో ఉన్నది చెప్పాలంటే ఆ జీవో ఉన్నప్పుడు కూడా సగమే న్యాయం జరిగింది. గిరిజన టీచర్ అన్నారు గానీ కోయ వచ్చిన టీచర్ అనలేదు. కోయ ఊరికి కోయ రాని గిరిజన టీచర్ వస్తే పిల్లకు తేడా ఏముంది?

తండా బిడ్డ (సాయంత్రం 5.31)

మీరు పేరు చెప్పకపోయినా మా లంబాడా టీచర్లనే అంటున్నారని అర్థమైంది. నేను కోయ ఊళ్ళో ఆరేళ్ళు చేశాను. వంట చేసే అవ్వ దగ్గర కూర్చుని కోయ నేర్చుకున్నాను. పిల్లలు నా చీర పట్టుకుని తిరిగేవాళ్ళు. 2017 చివర్లో ఆదిలాబాద్ వైపు ఆదివాసీ, లంబాడా గొడవలు జరిగినప్పుడు మా వాళ్ళను చాలా బడుల్లోకి రానివ్వలేదు. అక్కడ చేసే మా అన్న నెల రోజులు బడి మొహం చూడలేదు. ఆ వేడి మా వైపూ తగిలి, నేనే బదిలీ పెట్టుకుని వచ్చేశాను. కోయ నేర్చుకున్నా నేను పరాయిదాన్నే అయ్యాను. భాష వస్తే చాలు అనేవాళ్ళు ఆ రోజు నా కోసం ఒక్కరూ మాట్లాడలేదు.

కాజీపేట జంక్షన్ (సాయంత్రం 6.15)

జీవో 3 పేరు ఎత్తారు కాబట్టి నేనూ చెబుతా. మా తాత ముత్తాతలు ఏటూరునాగారంలోనే పుట్టారు. నేను ఆ బడిలోనే కోయ పిల్లల పక్కన కూర్చుని చదివాను. డీఎస్సీకి రెండేళ్ళు తిండి మానుకుని చదివితే, మా ఊరి పక్క బడిలో ఖాళీ ఉన్నా అప్లై చేసే హక్కు లేదన్నారు. గిరిజనేతరుడివి అన్నారు. ఎకరం భూమి లేదు, కొనడానికి లేదు, ఉద్యోగానికి లేదు. చివరికి ఊరు వదిలి కాజీపేటలో ప్రైవేటు కొలువు చూసుకున్నా. ఇప్పుడు కోయ భాషలోనే చదువు అంటే మళ్ళీ అదే తలుపు ఇంకో తాళంతో వేస్తున్నారని నాకు అనిపిస్తుంది.

సమ్మక్క గద్దె (సాయంత్రం 6.20)

పొద్దటి నుంచి లిపి లిపి అన్నది ఇందుకా సార్?

కాజీపేట జంక్షన్ (సాయంత్రం 6.24)

అవును, ఇది కూడా ఉంది. దాచుకోవడానికి ఏముంది? లిపి ప్రశ్న మాత్రం తప్పు కాదు.

నిర్వాహకులు (సాయంత్రం 6.40)

ఎస్టీ జాబితాలో ఎవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు అనే వాదన ఈ చర్చలో వద్దు. అటువంటి రెండు పోస్టులు తీసేశాం. బడి, భాష గురించి రాయండి.

లక్నవరం (రాత్రి 8.50)

పోడు బిడ్డ తమ్మీ, పొద్దటి నుంచి ఒకటి అడగాలని ఆగుతున్నా. నీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?

పోడు బిడ్డ (రాత్రి 9.02)

కూతురు గురుకులంలో, ఆరో తరగతి. ఇంగ్లిష్ మీడియం.

లక్నవరం (రాత్రి 9.06)

చాలు. ఇంక నేను మాట్లాడాల్సింది లేదు. నీ బిడ్డకు ఇంగ్లిష్, ఊరి బిడ్డలకు కోయ.

పోడు బిడ్డ (రాత్రి 9.40)

అది ఐదో తరగతి వరకు మా ఊరి బడిలోనే, నా దగ్గరే కోయలో నేర్చుకుని పోయింది. ఇప్పుడు ఇంగ్లిష్ పుస్తకం చదివి వాళ్ళ నాయినమ్మకు కోయలో కథ చెబుతుంది. నేను అడిగేది ఊరందరికీ అదే. నాన్న టీచర్ అయిన పిల్లకే ఆ అదృష్టం ఉండాలా?

నువ్వు అడిగావు కాబట్టి నేనూ అడుగుతా అన్నా. నీ పిల్లలకు కోయ వచ్చా?

లక్నవరం (రాత్రి 9.44)

రాదు.

లక్నవరం (రాత్రి 10.25)

రాదు అని రాసి ఊరుకుందామనుకున్నా. ఎందుకు రాదో చెబుతా.

మా తాతకు వాగు ఒడ్డున ఆరెకరాలు ఉండేది. ఊళ్ళో అప్పిచ్చే ఆసామి ఒకాయన కౌలు కాగితమని చెప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. రెండేళ్ళ తరువాత పొలంలోకి అడుగు పెట్టనివ్వలేదు. ఇది 1/70 చట్టం వచ్చిన తరువాతే. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదని చట్టం ఉంది. మా తాతకు ఆ చట్టం ఉందని తెలియదు, కాగితం చదవడం రాదు, ఆఫీసులో తెలుగు మాట్లాడటం రాదు. కోర్టుకు మూడుసార్లు పోయి, లోపలికి పోవడానికి భయమై గేటు దగ్గర కూర్చుని వచ్చాడట. మా బాపు ఆ పొలంలోనే కూలికి పోయాడు. నేను చిన్నప్పుడు ఆ పొలం గట్టు మీద సద్ది మోసుకుపోయాను. మా బాపు నన్ను హాస్టల్లో దింపిన రోజు ఒక్కటే చెప్పాడు, కాగితం చదివేవాడివి కా అని. కోయ మరిచిపో అని ఆయన చెప్పలేదు, నేనే మరిచిపోయాను. హన్మకొండలో అద్దె ఇల్లు అడిగితే ఏ కులమని అడుగుతారు. పిల్లలు బయట కోయ మాట్లాడితే ఇల్లు దొరకదని నాకు టెన్షన్. అందుకే నేర్పలేదు.

నాకు తిరిగి పోవడానికి అక్కడ గుంట భూమి లేదు. నీకు ఉంది. నువ్వు ఉండటానికి చదువు అడుగుతున్నావు, నేను బయటికి రావడానికి అడుగుతున్నా. పొద్దటి నుంచి మన ఇద్దరి మధ్య తేడా ఇదే. భాష కాదు.

తండా బిడ్డ (రాత్రి 10.33)

లక్నవరం అన్నా, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మాదీ అదే కథ.

పోడు బిడ్డ (సోమవారం, ఉదయం 6.15)

రాత్రి నిద్ర పట్టలేదు. అన్నా, నీ మాట నిజం. కాగితం చదవడం రాక భూమి పోయింది. మా ఊళ్ళో జరిగింది కూడా విను.

అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలకు దరఖాస్తులు పెట్టుకున్నప్పుడు గ్రామసభ జరిగింది. 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి ఆ భూమి మనదని చూపించాలి. చాలామందికి కాగితాలు లేవు. కానీ ఆ చట్టం నియమాల్లో పెద్దమనుషుల వాంగ్మూలం కూడా సాక్ష్యమే, రాసి పెడితే చాలు. మా ఊళ్ళో ఒక ముసలాయన లేచి హద్దులు చెప్పాడు. ఏ వాగు మలుపు, ఏ బండ, దేవర ఉన్న ఇప్పచెట్టు, విత్తనాల పండుగ విజ్జ పండుమ్‌కు మొదట విత్తనం పెట్టే జాగ, ఎవరి గట్టువాళ్ళు (గోత్రంవాళ్ళు) ఎక్కడ వరకు దున్నారు. అన్నీ కోయ పేర్లు. సర్వే పటంలో ఆ పేర్లు లేవు. రాసుకోవడానికి కూర్చున్నది మన చదువుకున్న పిల్లగాళ్ళే, డిగ్రీవాళ్ళు. వాళ్ళకు ఆ పేర్లు అర్థం కాలేదు. తాతా, తెలుగులో చెప్పు అన్నారు. ఆయనకు తెలుగు రాదు. రెండు బండలకు ఒకటే పేరు రాశారు, వాగు ఎడమకు బదులు కుడి అని రాశారు. నేను మరునాడు పోయేసరికి సంతకాలు అయిపోయాయి. 2023లో పట్టాలు వచ్చినప్పుడు మా ఊళ్ళో కొందరికి దున్నిన జాగ ఒకటి, కాగితంలో జాగ ఒకటి. ఆ ముసలాయన ఇప్పుడు లేడు. మళ్ళీ అడుగుదామన్నా ఎవరూ లేరు.

నీ తాత భూమి కాగితం చదవడం రాక పోయింది. మా ఊరి భూమి, చెప్పింది రాసుకోవడం రాక పోయింది. బయటికి పోవద్దని నేను ఏ పిల్లకూ చెప్పను. నా కూతురే పోయింది. కానీ ఆ హద్దులు చెప్పేవాళ్ళు, వాటిని రాసేవాళ్ళు ఒకరే అయితేనే భూమి నిలబడుతుంది. అట్లాంటి పిల్ల హాస్టల్లో తయారు కాదు. పండుగకు సెలవు ఇవ్వని హాస్టల్లో, ఏడాదికి రెండుసార్లు ఊరు చూసే పిల్లకు ఆ బండ పేరు ఎట్లా తెలుస్తుంది? అందుకే ఊళ్ళో బడి ఉండాలంటున్నా. 11 మందే అయినా ఉండాలి.

ఉట్నూరు దారి (ఉదయం 7.20)

ఈ హద్దుల సంగతి మా వైపూ ఉంది. మా దగ్గర కూడా పెద్దవాళ్ళు చెప్పిన పేర్లు రికార్డు చేసి పెడుతున్నాం. తండా బిడ్డ అక్కా, ఆ రోజు మీ కోసం ఎవరూ మాట్లాడలేదన్నారు. మా వైపు నుంచి నేనూ మాట్లాడలేదు. అది తప్పే.

తండా బిడ్డ (ఉదయం 7.52)

సరే అన్నా. ఎవరికీ అన్యాయం జరగొద్దనే నేను రాశాను. మేడం, మీకు కావాలంటే నేను కోయలో తయారు చేసుకున్న ఒకటో తరగతి లెక్కల కాగితాలు ఉన్నాయి. తెలుగు అక్షరాల్లోనే రాశాను, పిల్లలు బాగానే చదివారు. పంపిస్తాను.

కాజీపేట జంక్షన్ (ఉదయం 8.30)

ఆ కాగితాలు నాకూ ఒకసారి చూపించండి. మా ఊరి కోయ పిల్లలతో పెరిగాను, కొంత నాకూ వస్తుంది. మూసిన తలుపుల గురించి నేను చెప్పిన మాట వెనక్కి తీసుకోను. కోయ వచ్చిన గిరిజనేతరుడికి కూడా ఆ బడిలో చోటు ఉండాలి. అది రాసి పెట్టండి అర్జీలో.

పోడు బిడ్డ (ఉదయం 8.41)

దానికి నేను ఒప్పుకోను సార్. కోయ నేర్చుకుంటే సంతోషం. ఉద్యోగం మాత్రం ముందు మా పిల్లలకు రావాలి. ఇది మళ్ళీ మాట్లాడదాం.

ఏటూరు పంతులమ్మ (ఉదయం 9.15)

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం వంట అక్కతో, ఇద్దరు తల్లులతో కూర్చున్నాను. మీరు రాసినవి చదివి వినిపించాను, అక్క కోయలో చెప్పింది. ఒక తల్లి ఇంగ్లిష్ కావాలంది. ఇంకో ఆమె, మా పిల్ల సాయంత్రం ఇంటికి వచ్చే బడి కావాలి, మిగతాది మీరే చూసుకోండి అంది. తండా బిడ్డ గారూ, కాగితాలు పంపండి. సోమవారం నుంచి శనివారం వరకు రోజూ పది మాటలు అక్క దగ్గర నేర్చుకోవాలని నేను మొదలుపెట్టాను. ఏరు నుంచి మొదలుపెట్టా.

గ్రామసభ తేదీ మారలేదు. తునికాకు పని మొదలైంది కాబట్టి పొద్దున్నే పెట్టుకున్నారు.

లక్నవరం (ఉదయం 9.40)

ఏ టైమ్ మేడం? నేను వస్తా. ఊరు వదిలిన తరువాత గ్రామసభలో ఎప్పుడూ నిలబడలేదు. కోయలోనే మాట్లాడతా, ఎంత వస్తే అంత. కానీ ఇంగ్లిష్ మీడియం కావాలనే చెబుతా. ముందే చెబుతున్నా తమ్మీ.

పోడు బిడ్డ (ఉదయం 9.47)

రా అన్నా. ఆదివారం పొద్దున 7 గంటలకు, కల్లం దగ్గరి చింతచెట్టు కింద. శనివారం రాత్రికే వస్తే మా ఇంట్లో ఉండొచ్చు. మాట తట్టని చోట మా అమ్మను అడుగు.